అప్‌డేట్: పానగల్ ఉదయసముద్రం, పక్షులు చూడటం

నల్గొండ పక్కన ఉదయసముద్రం చెరువు దగ్గర నడుస్తూ పక్షులు చూడటానికి ఎప్పుడు వెళ్లాలి, ఏ బైనాక్యులర్ మంచిది అని అడిగాను కదా. మొన్న ఆదివారం మా బావమరిదితో కలిసి వెళ్లొచ్చాను.

8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) తీసుకోమన్నవాళ్లకు థాంక్స్. 10 రెట్లది కూడా పట్టి చూశాను, చెయ్యి కొంచెం కదిలినా పక్షి ఊగిపోతోంది. పొద్దున్నే ఎండ వీపు వైపు ఉండేలా నడవమన్న సలహా అన్నిటికన్నా పనికొచ్చింది. ఎదురెండలో బాతైనా, నీటికాకైనా నల్లటి మచ్చే!

కట్ట పొడవునా నీటికాకులు రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంటున్నాయి. వాటి ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి లోతుకు మునగడం తేలిక, తర్వాత ఈ ఆరబోత తప్పదు. నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న నల్లవి బాతులే అని మా బావమరిది గట్టిగా వాదించాడు. అవి బొల్లికోళ్లు, బాతుల జాతే కాదు. గడ్డిలో మట్టిరంగులో కలిసిపోయిన గుడ్డికొంగ ఎగరగానే తెల్లగా మారిపోవడం మాత్రం ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. తీతువులు మమ్మల్ని చూసి ఒకటే గోల, దాంతో మిగతావన్నీ లేచిపోయాయి.

హిమాలయాలు దాటి వచ్చే చారల తల బాతులు కనిపించలేదు. జనవరిలో మళ్లీ వెళ్తాం.

చుట్టూ పూర్తిగా తిరగలేదు, ఎండ ముదిరింది. అక్కడి నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాం. నీళ్లు, టోపీ మర్చిపోకండి.