ఎత్నిక్ స్టడీస్ పాఠాలు అడిగితే జవాబు లేదు, ఫిర్యాదు చేయవచ్చా?

కాలిఫోర్నియాలో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎత్నిక్ స్టడీస్‌లో (వివిధ జాతుల చరిత్ర, సంస్కృతి నేర్పే సబ్జెక్టు) ఇచ్చిన ఒక కాగితం యూదులందరినీ ‘వలస పాలకులు’ అని ఒకే గాటన కట్టింది. పక్కన కూర్చున్న యూదు అమ్మాయి ఆ గంటంతా తల ఎత్తలేదట. చాలా బాధ కలిగింది.

ఈ పాఠాల్లో పక్షపాతం, వివక్ష ఉండరాదని 2021 నాటి ఏబీ 101 అనే రాష్ట్ర చట్టమే చెబుతోంది. స్థానికంగా తయారుచేసిన పాఠ్యప్రణాళికను ఒక బహిరంగ సమావేశంలో ప్రవేశపెట్టి, తర్వాతి సమావేశంలోనే ఆమోదించాలి. టీచర్‌ను, ప్రిన్సిపాల్‌ను కలిస్తే ‘అది అదనపు సామగ్రి’ అన్నారు. పబ్లిక్ రికార్డుల చట్టం కింద మిగతా పాఠాలు కోరాం. 10 రోజుల గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. తరగతి రద్దు చేయమనడం లేదు. నల్లజాతివారి, ఆదివాసుల చరిత్ర పిల్లలకు తెలియాల్సిందే.

ఇక మిగిలింది యూనిఫాం కంప్లయింట్, అంటే స్కూల్ డిస్ట్రిక్ట్ (స్థానిక బడుల పాలక సంస్థ) 60 రోజుల్లో తేల్చాల్సిన రాతపూర్వక ఫిర్యాదు. రికార్డులు రాకముందే, చేతిలో ఉన్న ఆ ఒక్క కాగితం ఆధారంగా వేస్తే అది నిలుస్తుందా?