అమ్మతో బొలీవియా: నేరుగా లా పాజ్‌లో దిగొచ్చా?

గంటస్తంభం (విజయనగరం):
బొలీవియాలోని ఒరూరో ఊళ్లో జరిగే కార్నివాల్ ఉత్సవానికి నేనూ మా అమ్మా వెళ్దామనుకుంటున్నాం. అమ్మకి 61, బీపీ మాత్రలు వాడుతుంది, అయినా సిరిమాను రోజు పొద్దున్నుంచీ జనంలో నిలబడే మనిషి కాబట్టి నడకకి భయం లేదు. టెన్షనంతా ఎత్తు గురించే. మేం ఇంతవరకూ ఎక్కింది అరకు దాకా! లా పాజ్‌కి టికెట్ చవకగా వస్తోంది, తీసేద్దామా? అక్కడ అన్నం దొరుకుతుందా అని అమ్మ అడగమంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
తమ్ముడూ, ఆ టికెట్ తియ్యకు. లా పాజ్ విమానాలు దిగేది ఎల్ ఆల్టోలో, 4,000 మీటర్ల పైన. మన మహేంద్రగిరే 1,500. నేను ఆ తప్పే చేశాను, సూట్‌కేసు ఎత్తేసరికి ఆయాసం, రాత్రంతా తలనొప్పి, బ్యాగులో చిప్స్ ప్యాకెట్ చూస్తే బూరెలా ఉబ్బిపోయింది. శాంటా క్రూజ్‌లో దిగండి, 400 మీటర్లే. తర్వాత సుక్రేలో (2,800) మూడు రోజులుండి అప్పుడు ఒరూరో, అది 3,700. డయామాక్స్ (ఎత్తు పడకుండా వేసుకునే మాత్ర) ఎవరో చెప్పారని వేసెయ్యకుండా అమ్మ మాత్రల చీటీ పట్టుకెళ్లి డాక్టర్ని అడుగు. పైకెళ్లాక నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇంక ఆలోచించొద్దు, కిందికి దిగిపోవడమే. అన్నం దొరుకుతుంది గానీ అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్లో వండకపోతే పలుకే.

ఆముదాలవలస ప్యాసింజర్:
ఎత్తు సరే, ఎల్లో ఫీవర్ టీకా సంగతెవరూ చెప్పలేదేం? బొలీవియా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ లేకపోతే మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్‌లో పెడతారు, ఆరు రోజుల దాకా. టీకా వేసిన పదో రోజు నుంచే అది చెల్లుతుంది. 60 దాటినవాళ్లకి వెయ్యొచ్చో లేదో ముందే కనుక్కోవాలి. ఇంకోటి, కోకా ఆకు టీ అక్కడ తాగండి, ఆకులు మాత్రం ఇంటికి తేవద్దు, ఇక్కడ కేసవుతుంది.

కోట జంక్షన్ అక్క:
వీళ్ల మాటలకి భయపడి మానుకోకు బాబూ. కొమ్ములు, గుడ్లు మిటకరించిన దెయ్యం మాస్కులతో డయబ్లాడా ఆడేవాళ్లు దగ్గర దగ్గర నాలుగు కిలోమీటర్లు ఆడుకుంటూ వచ్చి, చివర్లో గుడిలో మాస్కు తీసేసి మోకాళ్ల మీద అమ్మవారి దగ్గరికి పోతారు. గని కార్మికులు కొలిచే మేరీమాత ఆవిడ. చెమటకి జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఏడుస్తున్న ఒకాయన్ని చూసి నాకూ కళ్లల్లో నీళ్లొచ్చాయి, ఎందుకో తెలీదు. తాగేముందు భూమితల్లి పచమామాకి నాలుగు చుక్కలు నేలమీద పోస్తారు, మా తాత కల్లు ముంత దగ్గర చేసేది అదే. పిల్లలు నీళ్లు, నురగ కొట్టేస్తారు, ఫోన్ కవర్లో పెట్టుకో.

గంటస్తంభం:
థాంక్స్ అన్నా, అక్కా. శాంటా క్రూజ్‌కే చూస్తున్నా. అమ్మ కొత్త డౌటు: ఆ తల్లికి చీర పెట్టనిస్తారా?