16 నెలలు నిలబడిన ట్రైలర్‌లో పాత డీజిల్: తీసెయ్యాలా, అట్టాగే తోలాలా?

పొదలకూరు ట్రైలర్:
అన్నలకు నమస్తే. మాది కామన్ రైల్ ఇంజన్ ట్రైలర్, రెండు పక్కలా ట్యాంకులు. నేనూ మా అన్నా వాటాల కాడ గొడవపడి బండిని 16 నెలలు కృష్ణపట్నం రోడ్డులో ఒక ఖాళీ స్థలంలో నిలబెట్టేశాం. ఇప్పుడు పెద్దమనుషుల్లో తేలి బండి నాకొచ్చింది. పుల్ల వేసి చూస్తే రెండిట్లో కలిపి 200 లీటర్ల పైనే ఉంది. మెకానిక్కేమో చుక్క మిగలకుండా తీసెయ్యమంటాడు. మా పాత డ్రైవర్ "కొత్తది 100 కలిపి తోలెయ్ అబ్బయ్యా" అంటాడు. ఎవరి మాట వినేది?

చీమకుర్తి టిప్పర్:
డ్రైవర్ మాట విను. పులిసిపోను డీజిలేమన్నా పెరుగా? 1998 నుంచి గ్రానైట్ రాయి తోలుతున్నా. ఒకసారి పని లేక నా బండ్లు రెండు ఏడాది నిలబడ్డాయి. బ్యాటరీలు మార్చి సెల్ఫు కొడితే రెండో దెబ్బకి లేచాయి.

నాజిల్ షాపు:
పెద్దాయనా, ఆ బండ్లల్లో ఇంజన్‌కి డీజిల్ కొట్టేవి పాత లైన్ పంపులు. కాస్త మురికి తాగినా అరాయించుకునేవి. కామన్ రైల్ అట్టా కాదు. వెయ్యి బార్ దాటిన ఒత్తిడితో, ఇంజెక్టర్లకుండే కంటికి కనపడనంత సన్న రంధ్రాల్లోంచి ఇంజన్‌లోకి డీజిల్ కొడుతుంది. ఆ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, లోపల తిరిగే డీజిలే దానికి నూనె. నూనె బదులు నీళ్ళు పోతే ఏమవుద్దో మీకు చెప్పాలా?

చీమకుర్తి టిప్పర్:
నీళ్ళు యాణ్ణించి వస్తాయయ్యా? మూత బిగించి తాళం వేసుంటాడు గదా.

నాజిల్ షాపు:
తాళం దొంగకి, గాలికి కాదు. ట్యాంకుకి గాలి పోయేదానికి దారి ఉంటుంది. పగలు ఎండకి ఉబ్బి బయటికి, రాత్రి చల్లబడితే లోపలికి. అదీ సముద్రం పక్క గాలి. సగం ఖాళీ ట్యాంకు లోపలి గోడకి చెమట పట్టి కిందికి జారుద్ది. డీజిల్ నీళ్ళకన్నా తేలిక, కాబట్టి నీళ్ళన్నీ అడుగున. ఆ రెండూ కలిసే కాడ సూక్ష్మజీవులు పెరిగి నల్లగా జిగురు కడతాయి. ఫిల్టర్ మూసుకుపోయేది దాంతోనే.

చీమకుర్తి టిప్పర్:
జీవులంట! డీజిల్ తాగి బతికే జీవి మా ఊళ్ళో ఒకటే ఉంది, వర్క్‌షాపు పెట్టుకోనుంది.

సింగరాయకొండ:
😂😂

పొదలకూరు ట్రైలర్:
అన్నా, నవ్వులు తర్వాత. తీస్తే ఎట్టా తియ్యాలి?

సింగరాయకొండ:
చేతి డ్రిల్లుకి పెట్టే చిన్న పంపు దొరుకుద్ది, పైనుంచి పైపు వేసి లాగు. డీజిల్‌కి అగ్గిపుల్ల వేసినా అంటుకోదులే.

కోవూరు రైసుమిల్లు:
ఆ మాట నమ్మొద్దు తమ్ముడూ. మన దేశంలో డీజిల్ ఆవిరి అంటుకునే వేడి కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలని ప్రమాణం. మే నెలలో నెల్లూరు ఎండ ఎంతో మీకు తెలుసు, ఎండలో కాలిన ఇనప ట్యాంకు వేడి ఇంకా ఎక్కువ. డ్రిల్లు మోటారు లోపల నిప్పురవ్వలు లేస్తుంటాయి. తెల్లవారుజామున చేతిపంపుతో చేసుకోండి. ఖాళీ అయిన ట్యాంకుని ఎవరైనా వెల్డింగ్‌కి తీసకపోతామంటే అసలే ఒప్పుకోవద్దు. నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలుద్ది.

ఎన్‌హెచ్ 16 డ్రైవర్:
పైపు పెట్టి నోటితో పీల్చొద్దు, దండం పెడతా. 2016లో ఒంగోలు బైపాస్ పక్కన ఓనర్ తియ్యమంటే పీల్చా. ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నా. పక్కనోళ్ళు ఉప్పునీళ్ళు తాపి కక్కించబోతే డాక్టర్ తిట్టాడు, కక్కితే మళ్ళీ ఊపిరితిత్తుల్లోకే పోద్దంట. తిరిగొచ్చేసరికి ఓనర్ ఏమన్నాడో తెలుసా? 30 లీటర్లు తక్కువొచ్చింది, జీతంలో పట్టుకుంటానన్నాడు.

చీమకుర్తి టిప్పర్:
తక్కువొస్తే అడగడా మరి?

ఎన్‌హెచ్ 16 డ్రైవర్:
నేను ఆక్సిజన్ మీద ఉంటే ఎవరు తాగారండీ ఆ 30 లీటర్లు?

చీమకుర్తి టిప్పర్:
అది నీకూ మీ ఓనర్‌కీ సంబంధం. నా సంగతి నేను చెప్తా. మూడేళ్ళ కిందట ఒక మెకానిక్ ఇట్టాగే "పాడైంది, తీసెయ్యాల" అని 160 లీటర్లు తీశాడు. నేను మధ్యాన్నం అన్నానికి పొయ్యొచ్చేలోపు క్యాన్లు మాయం. అడిగితే "పారబోశా" అన్నాడు. లీటరు 97 లెక్కన 15,520 రూపాయలు. పారబోస్తే నేల తడవదా? వాసన రాదా? ఆ వారమే వాడి జనరేటర్ రాత్రింబవళ్ళు మోగింది.

నాజిల్ షాపు:
ఒకడు చేసినదానికి మమ్మల్నందరినీ అంటారా? పోయినేడు ఒకాయన ఇట్టాంటి బండే తెచ్చి, తియ్యొద్దు, ఫిల్టర్ మార్చి లేపు చాలన్నాడు. లేపా. నెల్లూరు దాటేలోపు ఇంజెక్టర్లు పోయాయి. డబ్బులు ఎగ్గొట్టి, నేనే చెడగొట్టానని పది షాపుల్లో చెప్పాడు. మీరు 15 వేలు పోయిందంటారు, నా పేరు పోయింది.

చీమకుర్తి టిప్పర్:
అట్టయితే ఒక్క మాట చెప్పు. తీసిన డీజిల్ ఎవరిది?

నాజిల్ షాపు:
అదీ అడగండి! ఇంతసేపూ నీళ్ళు రావు, జీవుల్లేవు అంటా వచ్చారు. మీకు డీజిల్ చెడిపోద్దా లేదా అనేది కాదు లెక్క.

చీమకుర్తి టిప్పర్:
కాదు. ఓనర్ కళ్ళ ముందు తీసి, ఓనర్ డ్రమ్ములో పోసి, ఓనర్ ఇంటికి పంపిస్తానంటే రేపే నా బండ్లన్నీ తీయిస్తా.

నాజిల్ షాపు:
పంపిస్తా. కూలీ ఇస్తారా మరి? ఇన్నాళ్ళూ ఆ డీజిలే కూలీ అని మీరే అలవాటు చేశారు.

కోవూరు రైసుమిల్లు:
ఇద్దరూ కాసేపు మంచినీళ్ళు తాగండి. డీజిల్ కాదు.

పొదలకూరు ట్రైలర్:
ఈరోజు పొద్దున 5 గంటలకు మొదలుపెట్టాం. ముందు కుడి ట్యాంకు కింద బోల్టు కొంచెం వదులు చేసి మొదటొచ్చింది గాజు సీసాలో పట్టాం. టిప్పరన్నా, కోపం వద్దు, సీసాలో ముప్పాతిక నీళ్ళే. దాని మీద నల్లటి తెట్టె. బక్కెట్లోకి వదిలితే రెండు లీటర్లకు పైగా నీళ్ళు పోయాక డీజిల్ మొదలైంది. ఎడమదాంట్లో నీళ్ళు చాలా తక్కువ. లోపలి జాలీ తీసి కడిగాం, ఐదైదు లీటర్లు కొత్తది పోసి తొలిచి వదిలాం, బోల్టు వాషర్లు, రెండు ఫిల్టర్లు మార్చాం. చేతి పంపు కొడతా ఫిల్టర్ మీద బోల్టు వదిలి బుడగలు ఆగేదాకా గాలి తీశాం. ఉత్తినే సెల్ఫు కొడితే పంపు ఎండి పోద్దని నాజిలన్న చెప్పాడు. మూడోసారికి లేచింది.

నాజిల్ షాపు:
ఆ తెట్టె చూశారా పెద్దాయనా?

చీమకుర్తి టిప్పర్:
చూశా. ఎడమదాంట్లో నీళ్ళు లేవన్నాడు, అదీ చూశా. మొత్తం ఎన్ని లీటర్లొచ్చింది?

పొదలకూరు ట్రైలర్:
190. పుల్ల లెక్కకి కాస్త తక్కువే.

చీమకుర్తి టిప్పర్:
ఆ!!

పొదలకూరు ట్రైలర్:
అన్నా, నీళ్ళూ జిగురూ పోతే తగ్గదా. నేను ఆణ్ణే కూర్చోనున్నా, టీకి కూడా లేవలేదు. కూలీ 1,500 ఇచ్చా. 100 లీటర్లు ఒక డ్రమ్ములో, 90 ఇంకో డ్రమ్ములో.

కోవూరు రైసుమిల్లు:
వంటింటి పక్కన పెట్టకండి. రెండు వారాలు కదపకుండా ఉంచి, పైతేటది గుడ్డలో వడకట్టి పాత ట్రాక్టర్‌లో కొత్తదాంతో కొంచెం కొంచెంగా కలిపి వాడుకోండి. ట్రైలర్‌లో మాత్రం పొయ్యొద్దు. అడుగుది కాలవలో పారబొయ్యొద్దు, సెంట్రింగ్ పలకలకి పూసేవాళ్ళు తీసుకుంటారు.

పొదలకూరు ట్రైలర్:
ట్రాక్టర్ అన్న వాటాకి పోయిందక్కా. ఇప్పుడే ఫోన్ చేశాడు. బండి నీదని ఒప్పుకున్నా గానీ డీజిల్ ఇద్దరం పోయించిందే, 95 లీటర్లు పంపు అంటున్నాడు.

చీమకుర్తి టిప్పర్:
నీళ్ళున్న ట్యాంకుది పంపు.