గ్రూపుల పచ్చటి ఫొటోలు, రోడ్డు మీద ఎండు పుల్లలు: లెక్క ఎట్ల తీయాలె?

చల్కనేల (ప్రశ్న)

మాది దేవరకొండ దిక్కు ఊరు. వనమహోత్సవం అయితే చాలు, ఊరి వాట్సాప్ గ్రూపుల, ఫేస్‌బుక్ పేజీల ఫొటోలు మస్తు వస్తయి. "ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా వెయ్యి మొక్కలు పెట్టినం, 90 శాతం బతికినయి" అని మొన్న పోస్టు పెట్టిండ్రు. ఆ రోడ్డు సుమారు కిలోమీటరే. ఇప్పుడు పోయి చూస్తే సగం చోట్ల ఉత్త గుంతలే. పోస్టు కింద మాత్రం అందరూ చప్పట్ల బొమ్మలే పెడ్తరు. ఎవరన్నా అడిగితే "ఊరి పరువు తీస్తున్నవు" అని మీద పడ్తరు.

ఇంకో దిక్కు, పంచాయతీల అవినీతి అని రోజూ రాసే యువజన సంఘపోళ్లు "ప్లాస్టిక్ వద్దు" అని పెద్ద ఫ్లెక్సీ కట్టిండ్రు. గ్రామసభ పెడితే వాళ్లల్ల ఇద్దరు కూడా రారు. అంటే రెండు దిక్కులా రాత ఒకటి, చేత ఒకటి.

కొట్లాట పెట్టుకోకుండ, కేసుల ఇరుక్కోకుండ, నిజమైన లెక్క ఊరి ముందర పెట్టాలంటే ఏం చెయ్యాలె? ఏ కాయితం ఎవరిని అడగాలె? ఫొటో పాతదా కొత్తదా ఎట్ల తెలుస్తది?

మస్టర్‌రోల్

తమ్మీ, ఒక లెక్క కూసున్న కాడనే తేలుతది. నాలుగు మీటర్లకు ఒక మొక్క చొప్పున పెడితే కిలోమీటరుకు ఒక పక్క 250, రెండు పక్కల కలిపి 500. మూడు మీటర్లకు ఒకటి పెట్టినా దగ్గర దగ్గర 666. వెయ్యి కావాలంటే రెండు మీటర్లకు ఒకటి ఉండాలె, లేకుంటే రెండు వరసలన్న ఉండాలె. "ఎన్ని బతికినయి" అనే దానికన్న ముందుగాల "ఎన్ని పెట్టిండ్రు" అని అడుగు.

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్ల 85 శాతం బతికించే బాధ్యత పంచాయతీ మీద పెట్టింది. ఆ నిబంధన మంచిదే. దాని వల్ల నీళ్ల ట్యాంకరు రోడ్డెక్కిన ఊర్లు ఉన్నయి. కాని అంకె తక్కువ వస్తే పైనుంచి మెమో వస్తదన్న భయం కూడా దాంతోనే వచ్చింది. అక్కడ లెక్క ఎట్ల వంగుతదో చూడు. రిజిస్టరుల 500 మొక్కలు పెట్టినట్టు రాసి ఉన్నదనుకో. రోడ్డు మీద 290 పచ్చగ ఉన్నయి. అందుల 80 ఆ తర్వాత వానకాలంల గ్యాప్ ఫిల్లింగ్ కింద, అంటే చచ్చిన చోట మళ్ల, పెట్టినయి. మొదలు పెట్టిన వాటిల బతికినయి 210, అంటే 42 శాతం. కాని 170 ఉత్త గుంతలను లెక్కల నుంచి తీసేసి "330 చోట్ల 290 ఉన్నయి" అంటే 88 అయితది. రెండు అంకెలూ ఒకే రోడ్డువి. అబద్ధం మొక్కల కాడ లేదు, దేనితోని భాగించిండ్రు అన్న దాని కాడ ఉన్నది.

అందుకని నాలుగు కాయితాలు అడుగు: ఆ రోడ్డు పని అంచనా పత్రం, నర్సరీ నుంచి మొక్కలు బయటికి పోయిన రిజిస్టరు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు, గుంతలు తీసుడుకూ నీళ్లు పోసుడుకూ కూలి చెల్లించిన మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు). ఉపాధి హామీ కింద చేసిన పని అయితే ఇవి ఎంపీడీవో ఆఫీసుల దొరుకుతయి. ట్రాక్టరు లాగ్‌బుక్కు, డీజిల్ బిల్లులు పంచాయతీల ఉంటయి. మార్చి నుంచి మే దాకా ట్యాంకరు ఎన్ని తిప్పలు పోయిందో లాగ్‌బుక్కు చెప్తది. మొక్క చావు బతుకు తేలేది ఆ మూడు నెలల్లనే.

సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుల ఫీజు లేదు. మండల స్థాయిల 5 రూపాయలు, ఆ పైన 10. నకలు ఏ4 పేజీకి 2 రూపాయలు. తెల్లరేషన్ కార్డు ఉన్నోళ్లు ఆ రుజువు జత చేస్తే దరఖాస్తు ఫీజు కట్టే పని లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకుంటే ఇంకో 30 రోజుల్ల మొదటి అప్పీలు వెయ్యాలె. దాని మీద ఉత్తర్వు వచ్చినంక 90 రోజుల్ల సమాచార కమిషన్‌కు పోవచ్చు. గడువు దాటి ఇచ్చే నకళ్లకు పైసలు అడగొద్దని చట్టంలనే ఉన్నది.

కొలతటేపు

రోడ్డు మీద లెక్క ఎప్పుడు తీస్తరన్నదే అసలు సంగతి. జూన్ ఆఖరుకు, కొత్త మొక్కలు దిగకముందే తియ్యాలె. ఆగస్టుల పోతే పాత గుంతల్ల కొత్త మొక్కలు నిలబడి ఉంటయి, చచ్చినయి ఎన్నో తెలవదు. ఆలస్యమైతే ఎత్తు చూడాలె: పక్క మొక్కలు మనిషెత్తు ఉండి నడుమ ఒకటి మోకాలెత్తే ఉంటే అది తర్వాత పెట్టిందయి ఉంటది.

30 మీటర్ల టేపు, ఒక నోటుబుక్కు, ఇద్దరు మనుషులు చాలు. ఆ ఇద్దరు ఒకే పార్టోళ్లు కావద్దు. ఒకరు పంచాయతీ దిక్కు, ఒకరు అడిగేటోళ్ల దిక్కు ఉంటేనే ఆ కాయితాన్ని ఊరు నమ్ముతది. 100 మీటర్లకు ఒక పేజీ పెట్టుకోని, ఎడమ పక్క, కుడి పక్క వేర్వేరుగా రాయాలె. బతికింది, ఎండింది, ఉత్త గుంత, కొత్తగా పెట్టింది అని నాలుగు గడులు. పేజీ కింద ఇద్దరి సంతకాలు. కిలోమీటరు రోడ్డు ఒక పొద్దుటి పని.

ఎండిన దాని కాడ ఆగి ఎందుకు ఎండిందో కూడా చూడుండ్రి. మన చల్కల్ల అడుగు లోతుకే మొరం తగులుతది. గుంత పొడుగు, వెడల్పు, లోతు 45 సెంటీమీటర్లు ఉండాలంటే, గడ్డపారతోని పైపైన గీకి వదిలేస్తరు. పుల్లను మెల్లగ పీకి చూస్తే చాలాసార్లు నల్ల పాలిథిన్ కవరు కూడా దాంతోనే వస్తది. కవరు తియ్యకుండ పెడితే వేర్లు లోపలనే చుట్టుకోని చస్తయి. పొలం గట్టు పక్కవి గడ్డిమందు గాలికి మాడుతయి, అప్పుడు ఆకులు ఒకే దిక్కు మాడి ఉంటయి. వరి కోసినంక కొయ్యలకు పెట్టిన మంట రోడ్డు పక్క గడ్డికి అంటుకుంటే వరసకు వరస పోతది, కాండం కింది భాగం నల్లగ ఉంటది. మేకలు కొరికితే చిగురు పోయి కాండం నిలుస్తది, కంచె కడితే మళ్ల లేస్తది. ఇది మాత్రం గట్టిగ చెప్తున్న: మంటకు, గడ్డిమందుకు చచ్చిన మొక్కకు పంచాయతీ ఒక్కదాన్నే తిట్టుడు న్యాయం కాదు. కారణం గడి లేని లెక్క సగం లెక్కనే.

పిల్లలమర్రి_నీడ

ఫొటోల సంగతి నేను చెబుతాను. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోలో తేదీ, స్థలం లాంటి లోపలి వివరాలు పోతాయి. ఫోన్ నుంచి డాక్యుమెంటుగా పంపమంటే అవి చాలావరకు మిగులుతాయి. కాబట్టి పేజీవాళ్లను "అసలు ఫైలు డాక్యుమెంటుగా పెట్టండి" అని మర్యాదగా అడగండి. ఫొటో మీద అక్షరాల్లో కనబడే తేదీ, అక్షాంశ రేఖాంశాలు రుజువు కావు. వాటిని మార్చుకునే వీలున్న యాప్‌లు ఉన్నాయి.

గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే అదే ఫొటో ముందే ఎక్కడైనా పెట్టి ఉంటే దొరకవచ్చు. దొరకనంత మాత్రాన కొత్తదని కాదు. అంతకంటే నమ్మదగింది ఫొటోలోని చేను. మనవైపు వానాధార పత్తి జూన్, జులైలలో వేస్తారు, అక్టోబరు నుంచి ఏరుతారు. మే నెల ఫొటో అని పెట్టి వెనక పత్తి పూత మీద కనబడితే అది మే కాదు. కరెంటు స్తంభం నంబరు, కల్వర్టు, గోడ మీద రాతలు, ఇవన్నీ గుర్తులే. అదే చోట అదే కోణంలో నిలబడి మీరొక ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టండి. వ్యాఖ్య రాయనక్కర్లేదు.

ఫొటోను సాక్ష్యంగా పెట్టుకున్న ప్రభుత్వ పద్ధతిలోనే ఈ తిప్పలు వచ్చాయి. ఉపాధి హామీ హాజరుకు ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండు ఫొటోలు పెట్టాలన్నారు. పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కించినవి వస్తున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. కొలత లేని చోట ఫొటో ఒక్కటే నిలబడదు. ఇది మీరు తీసే ఫొటోకూ వర్తిస్తుంది. ఎండిన చోట మాత్రమే తీసి, బతికిన వరసను వదిలేసి పోస్టు పెడితే అదీ వాళ్లు చేసిన పనే. అందుకే 100 మీటర్లకు ఒక ఫొటో, బాగున్నా బాగలేకున్నా.

కేసుల భయం గురించి: "దొంగలు, తిన్నరు" అని పేరు పెట్టి రాస్తే పరువునష్టం కిందికి రావచ్చు, భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. "రిజిస్టరులో 500, రోడ్డు మీద 290, అందులో 80 కొత్తవి" అని సంతకాలున్న కాగితంతో రాస్తే మీరు గట్టి నేల మీద ఉంటారు. ఐటీ చట్టం 66ఎ పేరు చెప్పి ఎవరైనా బెదిరిస్తే, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

చల్కనేల

అందరికి దండాలు. ఫ్లెక్సీ సంగతి ఎవరూ చెప్పలే. అది నిషేధం కిందికి వస్తదని పంచాయతీ దిక్కోళ్లు, రాదని సంఘపోళ్లు వాదిస్తున్నరు. ఏది నిజం?

కాలువగట్టు

2022 జులై 1 నుంచి నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల్లో ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు ఉన్నాయి, కానీ 100 మైక్రాన్ల కంటే పలుచనివే. బయట కట్టే మామూలు ఫ్లెక్సీ సాధారణంగా అంతకంటే మందంగా ఉంటుంది. కాబట్టి ఆ జాబితా ప్రకారం సంఘంవాళ్ల మాట నిలబడవచ్చు. అయినా వాళ్లు చేసింది సరి కాదు. పీవీసీ గుడ్డ మీద రంగు వేసిన సరుకు మళ్లీ కరిగించడానికి పనికిరాదు, కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వస్తాయి. ఊళ్లో చివరికి కాల్చేదే ఎక్కువ. ఇప్పటికే కట్టినదాన్ని కాల్చకుండా వడ్ల కుప్పల మీద కప్పడానికి ఇవ్వండి. ఇక ముందు గోడ రాతో, గుడ్డ బ్యానరో చాలు. ఊరి పేరు మాత్రమే రాసి తేదీ వేయకపోతే గుడ్డ బ్యానరు ప్రతి ఏడూ పనికొస్తుంది.

గ్రామసభ విషయం ఇంతకంటే పెద్దది. చట్ట ప్రకారం రెండు నెలలకు ఒకసారన్నా సభ జరగాలి. ఓటర్లు 1001 నుంచి 3000 వరకు ఉన్న ఊళ్లో కోరం, అంటే సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు, 150 మంది. అంతమంది రానప్పుడు ఏం జరుగుతుంది? రిజిస్టరు ఇంటింటికీ తిరిగి సంతకాలు పడతాయి, సభ జరిగినట్టు ఫొటో గ్రూపులో పడుతుంది. రాత్రి పదకొండింటికి గ్రూపులో పారదర్శకత గురించి రాసిన మనిషి పొద్దున సభకు రాకపోతే ఆ దొంగ కోరానికి చోటు ఇచ్చింది ఆయనే. సంఘంలో ఇరవై మంది ఉంటే ఇరవై మందీ వచ్చి, సభ మొదలైన సమయం, వచ్చినవాళ్ల సంఖ్య తీర్మానాల పుస్తకంలో అప్పుడే రాయించండి. పుస్తకంలో మిగిలిన ఖాళీ గీతలను అడ్డంగా కొట్టేసిన తర్వాతే లేవండి. మొక్కల లెక్క కాగితం కూడా ఆ సభలోనే చదవాలి, గ్రూపులో ఆ తర్వాత.

సంఘం వసూలు చేసిన చందాల లెక్క కూడా అదే గ్రూపులో పెట్టమనండి. వినాయక చవితి చందా ఎంత వచ్చింది, ఎంత ఖర్చు, ఎంత మిగిలింది, రసీదులతో. పంచాయతీని అడిగే నోరు అప్పుడే నిలుస్తుంది.

మస్టర్‌రోల్

ఒక్కటి మరిచిన, అది ముఖ్యం. ఆ మొక్కలు ఏ ఏడు పెట్టినయి? పోయిన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లనే అయిపోయింది. ఆ తర్వాత 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల పాలన. నడుమ పెట్టిన మొక్కలకు ఇప్పటి సర్పంచును గ్రూపుల నిలదీస్తే తప్పు మనిషిని అడిగినట్టయితది, అసలు అడగాల్సిన ఆఫీసు తప్పించుకుంటది. దరఖాస్తుల ఆర్థిక సంవత్సరం రాయి: 2023-24, 2024-25 అని వేర్వేరుగా.

"ఎందుకు చచ్చినయి", "ఎవరు బాధ్యులు" అని రాయకు. ప్రశ్నకు జవాబిచ్చే పని మాది కాదని తిప్పి పంపుతరు. "ఫలానా రోడ్డు పని ఎం.బుక్ నకలు ఇవ్వండి" అని రికార్డు పేరు పెట్టి అడుగు. అదే దరఖాస్తుల "రికార్డులను స్వయంగా చూడటానికి తేదీ ఇవ్వండి" అని ఒక వాక్యం చేర్చు. మొదటి గంటకు పైసలు లేవు, ఆ పైన ప్రతి పావుగంటకు 5 రూపాయలు. లాగ్‌బుక్కు అంతా నకలు తీసుకునే బదులు కూసోని చూసి, కావలసిన పేజీలకు గుర్తు కాయితాలు పెట్టి అవే అడిగితే ఖర్చు తగ్గుతది. దరఖాస్తు చేతికిస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకో. "ముద్ర వెయ్యం" అని వాళ్లంటే అక్కడ నిలబడి కొట్లాడకు, స్పీడ్ పోస్టుల పంపు.