రింగో స్టార్ ఎడమచేతి వాటం: డ్రమ్స్ తెలిసినవారి సలహా కావాలి

అందరికీ నమస్కారం. 1962 ఆగస్టులో బీటిల్స్ అనే ఆంగ్ల సంగీత బృందంలో డ్రమ్మర్‌గా చేరిన రింగో స్టార్ జీవితాన్ని కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. 1940లో లివర్‌పూల్‌లో పుట్టిన ఆయన, చిన్నతనంలో క్షయవ్యాధితో చాలాకాలం ఆసుపత్రిలో ఉండి, అక్కడి పిల్లల వాద్యబృందంలోనే డ్రమ్ముపై మనసు పడ్డారని తెలిసి కదిలిపోయాను.

నా సందేహం ఆయన వాయించే పద్ధతి గురించి. పుట్టుకతో ఎడమచేతి వాటమైనా ఆయన కుడిచేతివారికి వీలుగా డ్రమ్ములు పేర్చిన అమరికలోనే వాయించారు. అందుకే ఒక డ్రమ్ము నుంచి ఇంకొకదానికి వెళ్లేటప్పుడు ఎడమచేయి ముందుపడి, ఆ వరుసలకు మరెవరికీ లేని నడక వచ్చిందని అంటారు.

మా 11 ఏళ్ల అమ్మాయిదీ ఎడమచేతి వాటమే. స్నేర్ (ముందుండే ప్రధాన డ్రమ్ము) నుంచి టామ్ (దాని పక్కనుండే మరో డ్రమ్ము) మీదికి మారేటప్పుడు ఆమె కర్రలు ఒకదానికొకటి తగిలి, తాళం తప్పుతోంది. ఎడమచేతి అలవాటు పూర్తిగా మానాలని గురువుగారు అంటున్నారు గానీ, నాకు మనసొప్పడం లేదు. అమరికను తిప్పి పెట్టించాలా, లేక రింగోలా ఉన్న అమరికలోనే ఎడమచేతితో మొదలుపెట్టనివ్వాలా? ఎడమచేతి వాటం ఉండి డ్రమ్స్ నేర్చుకున్నవారు, తొలినాళ్లలో ఏ సాధన మేలు చేసిందో దయచేసి వివరంగా చెప్పగలరు.