రక్తనాళాలు ఎక్కువున్న బ్రెయిన్ ట్యూమర్: ఆపరేషన్‌కి ముందు డీఎస్‌ఏ అందరికీ చెయ్యాలా?

ఫైనల్‌ఇయర్:
మా యూనిట్‌లో తెగని గొడవ ఇక్కడ పెడుతున్నాను. చిన్నమెదడులో గడ్డ. ఎంఆర్‌ఐలో కాంట్రాస్ట్ ఇవ్వగానే తెల్లగా వెలుగుతోంది, చుట్టూ నల్లటి ఫ్లో వాయిడ్లు (రక్తం వేగంగా పారే నాళాల నల్లటి గుర్తులు). హీమాంజియోబ్లాస్టోమా (రక్తనాళాలతో నిండి ఉండే గడ్డ) అని అనుమానం. సగంమంది "డీఎస్‌ఏ (మెదడు రక్తనాళాల్ని ఎక్స్‌రేలో చూపే యాంజియోగ్రామ్) లేకుండా తల తెరవొద్దు" అంటారు. మిగతావాళ్లు "అది 1927లో పోర్చుగల్ డాక్టర్ మోనిజ్ మొదలుపెట్టిన యాంజియోగ్రఫీ పద్ధతే, అప్పట్లో ఇంకో దారి లేదు, ఇప్పుడు సీటీ యాంజియో (క్యాథెటర్ లేకుండా నాళాల్ని చూపే స్కాన్) చాలు" అంటారు. ధమనిలోకి క్యాథెటర్ పంపి చేసే ఈ పరీక్ష వల్ల నిర్ధారణ నిజంగా మెరుగుపడుతుందా?

నలుపుతెలుపు (రేడియాలజీ):
గడ్డకి పేరు పెట్టడానికైతే అక్కర్లేదు. పెద్దవాళ్లలో చిన్నమెదడులో నీటితిత్తి, దాని గోడకి ఆనుకుని మెదడు పైపొర వైపు ఒక నాడ్యూల్ (చిన్న గట్టి ముద్ద), నాడ్యూల్ మాత్రమే కాంట్రాస్ట్ తీసుకోవడం, పర్ఫ్యూజన్ (గడ్డలోకి వెళ్లే రక్తం) బాగా ఎక్కువగా ఉండడం. ఇవన్నీ కలిస్తే ఇంకేం కావాలి? పిల్లల్లో ఇదే రూపంలో వచ్చే పైలోసైటిక్ ఆస్ట్రోసైటోమా అనే గడ్డలో పర్ఫ్యూజన్ సాధారణంగా ఇంత ఉండదు. కిడ్నీ పనిచెయ్యనివాళ్లకి కాంట్రాస్ట్ లేకుండా ఏఎస్‌ఎల్ అనే ఎంఆర్‌ఐ పద్ధతితో కూడా రక్తప్రవాహం చూడొచ్చు.

అసలు చిక్కు కిడ్నీ క్యాన్సర్ మెదడుకి పాకినప్పుడు. అదీ రక్తంతో నిండే ఉంటుంది, డీఎస్‌ఏలో అదీ అలాగే మెరుస్తుంది. రెండింటినీ విడదీసేది పొట్ట స్కాన్, క్యాథెటర్ కాదు. ఇంకో సంగతి: లోపల రక్తం గడ్డకట్టిన పెద్ద అన్యూరిజమ్ (ధమని గోడలో వచ్చే ఉబ్బు) ట్యూమర్‌లా కనిపించి మోసం చేస్తుంది. డీఎస్‌ఏలో రక్తం పారే భాగమే కనిపిస్తుంది, గడ్డకట్టిన భాగం కనిపించదు. దాన్ని చూపేది ఎంఆర్‌ఐ.

మైక్రోస్కోప్ (సర్జన్):
సర్, మీరు పేరు దగ్గరే ఆగిపోయారు. నాకు కావాల్సింది దారి. నీటితిత్తిలో చిన్న నాడ్యూల్ అయితే నేనూ డీఎస్‌ఏ అడగను. తిత్తి లేకుండా మొత్తం గట్టిగా, పెద్దగా ఉన్న గడ్డ వేరే కథ. దాన్ని ముక్కలుగా తియ్యలేం, కోసిన ప్రతిచోటా రక్తం ఉబుకుతుంది. చుట్టూ విడదీసుకుంటూ ఒకే ముద్దగా తియ్యాలి. ముందు ధమనులు మూసి, సిరని చివరికి వదలాలి. అది తారుమారైతే, కాలవ నీళ్లు వస్తుండగానే చెరువు తూము మూసినట్టే. గడ్డ కళ్లముందే ఉబ్బిపోతుంది.

సమస్యేంటంటే, సిరలోనూ ఎర్రటి రక్తమే పారుతుంటుంది కాబట్టి మైక్రోస్కోప్ కింద ఏది ధమనో ఏది సిరో పోల్చుకోవడం కష్టం. ఏది ముందు నిండింది, ఏది తర్వాత నిండింది అన్నది డీఎస్‌ఏ చూపిస్తుంది. మామూలు సీటీ యాంజియో ఒక్క క్షణం ఫోటో, అంతే.

నలుపుతెలుపు:
ఇప్పుడు సమయం వారీగా తీసే సీటీ, ఎంఆర్ యాంజియోలు ఉన్నాయి కదండీ. ఆ ఫోటో మాట పాతది.

మైక్రోస్కోప్:
ఉన్నాయి, వాడుతున్నాం. బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) వైపు నుంచి వచ్చే సన్నటి కొమ్మలు వాటిలో నాకు సరిపడేంత స్పష్టంగా కనబడలేదు. మీకు కనబడితే గీసి పంపండి, సంతోషం.

క్యాథ్‌ల్యాబ్:
మా పనికి మేమే అడ్డం చెప్పినట్టుంటుంది కానీ చెప్తాను. అనుభవమున్న చేతుల్లో డీఎస్‌ఏ వల్ల శాశ్వత నరాల నష్టం నూటికి ఒకటి కంటే తక్కువే. నా భయం ఆ తర్వాత జరిగేదాని గురించి. "ఎలాగూ లోపలికి వెళ్లారు, ఎంబొలైజ్ చేసెయ్యండి" అంటారు, అంటే క్యాథెటర్‌తో మందు పంపి గడ్డ నాళాల్ని మూసెయ్యమని. మెనింజియోమాలో (మెదడు పొరల్లో పుట్టే గడ్డ) మిడిల్ మెనింజియల్ ధమని నుంచి రక్తం వస్తుంటే సరే, అది ఎక్కువగా పొరలకి వెళ్లే ధమని. హీమాంజియోబ్లాస్టోమాకి వచ్చేవి పైకా, ఐకా, సుపీరియర్ సెరిబెల్లార్ అనే చిన్నమెదడు ధమనులు. అవే ధమనులు బ్రెయిన్‌స్టెమ్‌నీ పోషిస్తాయి. మందు కాస్త పక్కకి జారితే స్ట్రోక్, గడ్డ సిర మూసుకుపోతే రక్తస్రావం. దానివల్ల ఆపరేషన్‌లో రక్తనష్టం కచ్చితంగా తగ్గుతుందని తేల్చిన గట్టి ఆధారం కూడా లేదు. మ్యాప్ అడగండి, తప్పకుండా ఇస్తాం. ఎంబొలైజేషన్ విడిగా చర్చించండి.

పేషెంట్‌తమ్ముణ్ణి:
డాక్టర్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మా అక్కకి ఇలాంటిదే అన్నారు. ఇంటిల్లిపాదీ టెన్షన్‌లో ఉన్నాం. ముందు సూదితో చిన్న ముక్క తీసి తేల్చుకోవచ్చు కదా?

మైక్రోస్కోప్:
చాలా గడ్డల్లో అదే చేస్తామండి. ఇందులో మాత్రం సూది గుచ్చితే లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఎక్కువ, తలలో దాన్ని ఆపడం కష్టం. అందుకే స్కాన్ల మీదే ఇంత వాదన. అక్కగారి స్కాన్లు ఆవిడ సర్జన్‌తో కూర్చుని చూడండి, ఇక్కడి మాటలతో నిర్ణయం తీసుకోకండి.

స్లైడ్:
ఒక్క ముక్క. పొరకి అంటుకుని, ఎముకని తినేస్తూ, ఎక్కడా సున్నం లేకుండా, లోపలంతా ఫ్లో వాయిడ్లుంటే మెనింజియోమా అని రాసేముందు దానిలాగే కనిపించే సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్ అనే ఇంకో గడ్డని గుర్తుచేసుకోండి. స్కాన్‌తో తేలదు, తీసిన గడ్డ ముక్కకి స్టాట్6 స్టెయిన్ వేసి పాథాలజీవాళ్లం మేం తేలుస్తాం. కానీ అనుమానం రాసుంటే సర్జన్ రక్తం ఎక్కువ సిద్ధం చేసుకుంటాడు.

మత్తుడాక్టర్:
ఇంతసేపు నాళాల గురించే మాట్లాడారు. హీమాంజియోబ్లాస్టోమా వచ్చినవాళ్లలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి వెనుక వాన్ హిప్పెల్ లిండౌ అనే జన్యు వ్యాధి ఉంటుంది. వాళ్లలో కొందరికి అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా (బీపీ పెంచే హార్మోన్లు వదిలే గడ్డ) కూడా. అది తెలియకుండా మత్తిస్తే బీపీ ఎక్కడిదాకా పోతుందో చెప్పలేం. రక్తంలో మెటానెఫ్రిన్లు (ఆ హార్మోన్ల నుంచి వచ్చే పదార్థాలు) చూడ్డానికి ఒక్క శాంపిల్ చాలు. దాన్ని మర్చిపోయి డీఎస్‌ఏ గురించి కొట్టుకోవడం నాకు వింతగా ఉంది! హీమోగ్లోబిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువుంటే అదీ క్లూనే, హీమాంజియోబ్లాస్టోమా ఎరిత్రోపొయెటిన్ (ఎర్రరక్తకణాల్ని పెంచే హార్మోన్) తయారుచెయ్యగలదు. కంటి పరీక్ష, వెన్నెముక ఎంఆర్‌ఐ, పొట్ట స్కాన్ కూడా రాయండి. ఈ వ్యాధి ఉందని తేలితే ఆపరేషన్ ఇప్పుడే కావాలా అన్న ప్రశ్న కూడా మారొచ్చు. వెంటనే ఆపరేషన్ అక్కర్లేనివాళ్ల కోసం బెల్జూటిఫాన్ మాత్రకి 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది.

నలుపుతెలుపు:
ఈయన మాటకి నా ఓటు. డీఎస్‌ఏ ఫారం నింపేవాళ్లని నేనడిగేది ఒకటే: రిపోర్టు ఎలా వస్తే మీ ప్లాన్ మారుతుంది? జవాబుంటే చేయించండి. "అందరికీ చేస్తాం" అన్నది జవాబు కాదు.

ఫైనల్‌ఇయర్:
మా కేసు తిత్తి లేని గట్టి గడ్డ, ముందువైపు బ్రెయిన్‌స్టెమ్‌ని ఆనుకుని ఉంది. కాబట్టి డీఎస్‌ఏ అడుగుతున్నాం, మ్యాప్ కోసమే. ఎంబొలైజేషన్ వద్దనుకున్నాం. మెటానెఫ్రిన్లు ఇంతవరకు ఎవరూ పంపలేదని ఇప్పుడే ఫైల్‌లో చూశాను. ఆ రిపోర్టు వచ్చాకే థియేటర్ డేట్.

మైక్రోస్కోప్:
సిర ఏ వైపు పోతోందో చూసి చెప్పు బాబూ. పైకి పోతే ఒక పొజిషన్, పక్కకి పోతే ఇంకోటి. దాని మీద విడిగా కొట్టుకుందాం.