సమస్య (చివరి పాదం ఇదే, పై మూడూ పూరించాలి): కత్తి దగ్గఱఁ గలిసిరి కానివారు

నిర్వాహకుడు: ముఠాకక్షలు, కోడిపందేలు వద్దు. కత్తి ఉండాలి, నెత్తురు కారకూడదు. యాత్ర కొసన ముక్కూమొహం తెలియనివాళ్లు కలవాలి. కానివ్వండి.

యతిభిక్షువు:
మెట్లు వేలెక్కి మోకాళ్ళ మిట్ట దాటి
వచ్చి కల్యాణకట్టలో వరుస కలిపి
తడిసి తలలెల్ల నొకతీరుఁ దళుకుమనఁగ
కత్తి దగ్గఱఁ గలిసిరి కానివారు

పద్యపిపాసి: ‘వరుస కలిపి’! క్యూలో నిలబడ్డవాళ్లు బాబాయ్, పిన్నీ అనుకునేదాకా పోయింది. మోకాళ్ళ మిట్ట ఉంది కాబట్టి ఇది అలిపిరి దారి, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు అయితే ‘వేలు’ అనడానికి 2,388 మాత్రమే.

గండికోట: వరుస బాగానే కలిసింది, ద్రుతం, అంటే మాట చివరి ‘న్’, ఏమైంది? ‘మనఁగన్’ తర్వాత ‘క’ ‘గ’గా మారి ‘గత్తి’ కావాలి. పైగా కల్యాణకట్టలో ముందు తల తడుపుతారు, తర్వాతే గొరుగుతారు. తళుకు ఆ తర్వాతి మాట. వీరికి కత్తి పడకముందే తళుకుమంది! అసలు అక్కడ కత్తి ఏదండీ, చేతికిచ్చేది బ్లేడు.

యతిభిక్షువు: ఇంతకుముందు ఆటవెలదిలో సూర్యగణం చోట ఇంద్రగణం వేసి, ఆ కొలత తప్పును ‘ఆర్షం’ (పెద్దల ప్రయోగం) అన్నవారు ద్రుతం వెతకడం ముచ్చటగా ఉంది. మీ పూరణ ఏదీ?

గండికోట: ఇదుగో.
పదునెనిమిది మెట్ల దిగువ వావరునకు
మురిసి మిరియాల నర్పించి మ్రొక్కుఁ దీర్చి
యిరుముడులు దాల్చి యొకరొక రెఱుఁగనట్టి
కత్తి దగ్గఱఁ గలిసిరి కానివారు

పద్యపిపాసి: శబరిమల! వావరు సన్నిధిలో పాత కత్తి ఉంటుంది, కాబట్టి బ్లేడు పేచీ లేదు. అయ్యప్పతో పోరాడి చెలికాడైన ముస్లిం వీరుడి కత్తి దగ్గర ఇరుముడివాళ్లు కలవడం... ‘కానివారు’కు ఇంతకన్నా ఏం కావాలి?

యతిభిక్షువు: కత్తి సరే. ‘ఒకరొకరు’ అంటే ఒక్కొక్కరు. ఇక్కడ కావలసింది ‘ఒకరినొకరు’. ఇదీ ఆర్షమేనా?

నిర్వాహకుడు: ఇద్దరికీ చెరో పాదం నా ఖాతాలో. భిక్షువుగారికి:
తడిపి తలలెల్ల నీలాలఁ దనియ నిచ్చి
ద్రుతం గొడవ లేదు, తడపడం ముందుకొచ్చింది. గండికోటకు:
యిరుముడులు దాల్చి యూరుపే రెఱుఁగనట్టి

గండికోట: ‘ఊరుపేరు’ తీసుకుంటాను. ఆటవెలది సంగతి మాత్రం ఒప్పుకోను, అది టైపు తప్పు.

యతిభిక్షువు: టైపు తప్పులో గణం మారుతుందా?

పద్యపిపాసి: ఆడవాళ్ల మొక్కు మీద ఒక్కరూ రాయలేదే? మూడు కత్తెరలిచ్చి వచ్చేవాళ్లు ఎందరో. కాకపోతే సమస్యలో ఉన్నది కత్తెర కాదు, యతి (పాదంలో అక్షరాల మైత్రి) కూడా చూసుకోవాలి.